గమ్లీబాయి నేర్పిన ఏడ్పు

ఏడ్వనీకి గూడ నేర్పుడేంది అని మీకు నవ్వొస్తది. నవ్వుకోండ్రి. మా గల్లీల అందరు గట్లనే నవ్విండ్రు. అందరికంటె ఎక్కువ నవ్వినోడు ఆమె కడుపున పుట్టిన కొడుకే. కన్నతల్లి మాటకు నవ్వేటోనికి ఈ ఊర్ల ఇజ్జత్ మస్తుంటది. అసొంటోనికే దండలేస్తరు, అసొంటోని చేతికే మైకిస్తరు.

ఫ్లెక్సీల మీద వాని పేరు జగదీశ్వర్ నాయక్. తల్లి పెట్టిన పేరు జగ్య. గా పేరుతోని పిలిస్తె మొఖం అటు దిప్పుకుంటడు. అందుకే నేను గా పేరుతోనే పిలుస్త. మా కొట్టంల దూడలతోని ఆడుకుంట, మా బర్రె నురుగు పాలు తాగి పెరిగిన పోరడు వాడు. వాని ముక్కు నేను తుడిచిన. నా కాడ వాని నఖరాలు నడువయి.

అయినా ముచ్చట వానిది గాదు, వాళ్ల తల్లి గమ్లీబాయిది. నేను గమ్లక్క అంట.

మాది చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటినంక లోపటి గల్లీ. మా మామ కాన్నుంచి పాల యాపారం. చుట్టుముట్టు బిల్డింగులు లేసినయి, నడుమ మా పశువుల కొట్టం రేకులేసుకొని అట్లనే ఉన్నది. అందరికి చిక్కటి పాలు కావాలె, పెండ వాసన మాత్రం రావొద్దు. గసొంటి పెద్దమనుషులుండే గల్లీ మాది.

నేను కొత్త కోడలిగ వొచ్చిన ఏడే గమ్లక్కను చూసిన. మా బర్లకు పచ్చిగడ్డి ఆమెనే తెచ్చేది. పహాడీషరీఫ్ అవుతల చెరువు పొంటి, ఖాళీ జాగలల్ల కోసి, మోపు గట్టి, నెత్తిన పెట్టుకొని నడిచొచ్చేది. లంబాడామె. అద్దాలు కుట్టిన పేటియ, వాళ్ల లంగ, నేల మీద ఊడ్సుకుంట వొచ్చేది, మోచేతి మీది దాక తెల్లగాజులు, చెంపల పక్కన ఎండి ఘూగ్రీలు. మోపు కింద పడేసి, నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలవడితె, ఈ గల్లీ అంత ఆమెదే అన్నట్టుండేది.

గల్లీ మాత్రం అట్ల అనుకోలే. లంబాడిది వొచ్చిందంటె ఎదురింటి నాగమణమ్మ బయట తోమి బోర్లించిన చెంబులు గబగబ లోపటికి తీస్కపోయేది. రోజు ఇదే తమాషా. ఒకనాడు గమ్లక్క మోపు దింపకుంటనే ఆగి చెప్పింది, నీ చెంబులన్ని సొట్టలే నాగమణమ్మా, ఉత్తగ ఇచ్చినా నేను ముట్ట అని. నేను కొట్టంల నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన. ఆ దినం నుంచి మా ఇద్దరికి దోస్తానా.

ఆమె పెనిమిటి రాళ్ల లారీల మీద కూలి. లారీ బోల్తపడి పోయిండు. మోచేతి మీది గాజులు తీసేసింది, ఘూగ్రీలు తీసేసింది, జగ్యను చంకనేసుకొని మా కొట్టం ఎనుక అర్రకు వొచ్చింది. మా అత్త కిరాయి లేకుంట ఉండుమన్నది. ఊకె ఉండనిచ్చిందని అనుకోకుండ్రి, మా అత్త అంత పుణ్యాత్మురాలు గాదు. పెండ ఎత్తుడు, కొట్టం కడుగుడు, అన్ని గమ్లక్క మీదనే పడ్డయి. అయినా ఆమె గడ్డి మోపు బంద్ చెయ్యలే. ఆ గడ్డి మీదనే జగ్య సదివిండు. లంబాడోని కొడుకని సర్కారు హాస్టల్ల సీటిచ్చిండ్రు, లంబాడోని కొడుకనే కొలువిచ్చిండ్రు. కొలువు జేతికి వొచ్చిన మరునాటి నుంచి వాడు లంబాడోడు గాదు. ఏరు దాటినంక తెప్ప తగలేసుడంటె గిదే.

రెండు గల్లీల అవుతల మూడంతస్తులు కట్టిండు. తల్లిని తోల్కపోయిండు, కాదన. కని పోంగనే షరతులు పెట్టిండు. పేటియ ఇప్పు, చీర కట్టు. సుట్టాలొస్తె పై అర్రల ఉండు. అన్నిటికంటె పెద్దది, పిల్ల ముందట మన మాట మాట్లాడకు, పిల్ల యాస ఖరాబయితది. పిల్ల అంటె వాని బిడ్డ. దానికి అభిజ్ఞ అని పేరు పెట్టిండు. మంచి పేరే, కని గమ్లక్కకు నోరు తిరుగక సోనీ అన్నది, సోనీనే ఖాయమైంది.

గమ్లక్క కొన్ని దినాలు ఓర్సుకున్నది. ఓనాడు పొద్దుగాల నేను పాలు పిండుతుంటె, మూట పట్టుకొని మళ్ల మా కొట్టంలకే వొచ్చింది. ఏమైందక్కా అని అడిగిన. బర్లు నయం యశోదా, నా మాటకు చెవులన్న ఆడిస్తయి అన్నది.

జగ్య వొచ్చి లొల్లి చేసిండు, జనం నన్నేమనుకుంటరు అని. తల్లి ఎట్లుంటదో అని గాదు, జనం ఏమనుకుంటరో అని. గమ్లక్క పెండ తట్ట ఎత్తి వాని బూట్ల పక్కకెల్లి తీస్కపోయింది. వాడు బూట్లు చూసుకుంట ఎల్లిపోయిండు.

కని పోరి ఆగలే. బడి కాన్నుంచి, తర్వాత కాలేజి కాన్నుంచి, ఇంటికి పోయేటి తొవ్వల మా కొట్టంలకు దూరేది. దాదీ జొన్నరొట్టె కొట్టియ్యాలె, ఇది మిరంకారంతోని తినాలె. ఇద్దరు లంబాడి మాటలల్ల గలగల మాట్లాడుకునేటోళ్లు. వాని ఇంట్ల ఖరాబయిన యాస నా కొట్టంల బాగయింది.

ఇగ ఏడ్పు ముచ్చట. ఒకసారి వాన పడి గడ్డికి పోకుంట గమ్లక్క కొట్టంలనే కూసున్నది. నేను ఊకుండక, నీ పుట్టిల్లు యాడనే, ఎన్నడు పోవేంది అని అడిగిన. అప్పుడు చెప్పింది. వాళ్లల్ల పిల్లకు పెండ్లి చేసి పంపేటప్పుడు పిల్ల ఊకె కండ్లు తుడుసుకుంట పోదట. ఒక్కొక్కరి మెడ పట్టుకొని, పాటతోని ఏడ్వాలె. దాన్ని ఢావ్లో అంటరట. తండ్రి మెడ పట్టుకొని, అన్న మెడ పట్టుకొని, మేనత్త మెడ పట్టుకొని, వరస పెట్టి పిలువాలె. నాకు కష్టమొస్తె వస్తవా, శ్రావణంల తీజ్ పండుగకు తోల్కపోనీకి వస్తవా అని అడగాలె. వాళ్లు పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, వస్త అని జవాబియ్యాలె. ఎవరు జవాబిస్తె వాళ్లు పుట్టింటోళ్లు. పెండ్లికి ముందుగాల పెద్ద ఆడోళ్లు కూసోబెట్టి పిల్లకు ఇది నేర్పుతరు. మనోళ్లు వంటలు నేర్పినట్టు.

ఈమె పెండ్లి కరువు ఏట్ల అయింది. పెండ్లయిన దినమే పెనిమిటి తరపోళ్లంత పట్నంల కూలికి పోయేటందుకు తాండ కాడ లారీ ఆగి ఉన్నది. ఈమె మేనత్త మెడ పట్టుకొని ఏడుస్తుంటె మేస్త్రి హారన్ మీద హారన్ కొట్టిండట. అందరు గలిసి రెక్క పట్టి లారీ ఎక్కిచ్చిండ్రు. అన్న అవుతల నిలవడ్డడు. ఆయన మెడ ఇంక పట్టుకోనే లేదు.

"నేను పిలువలే," అన్నది గమ్లక్క. "పిలువంది ఆయన ఎట్లొస్తడు?"

నాకు ఒళ్లు మండింది. తోడబుట్టినోనికి పాట పాడి చెప్పాల్నా, చెల్లె యాడున్నదో ఎరుక లేదా అని నేను గట్టిగనే అన్న. శ్రావణం వొస్తె మాత్రం గమ్లక్క, గడ్డి మోపు దింపి, శ్రీశైలం సడక్ మీద ఆమె పుట్టింటి తాండ ఉన్న ఆమనగల్లు దిక్కుకెల్లి వొచ్చే బస్సులను ఒక్కొక్కదాన్ని చూసేది. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని.

మొన్న ఎండకాలం సోనీకి పెండ్లి కుదిరింది. పిలగాడు ప్రేమ్‌రాజ్, ఆమనగల్లు దిక్కు తాండోడే, బ్యాంకుల కొలువు. మంచోడే, మాట తక్కువ. జగ్య పెద్ద ఫంక్షన్ హాల్ పట్టిండు. గమ్లక్క ఆ మూడంతస్తుల ఇంటికి నడిచి పోయి, కొడుకును ఒక్కటే ఒక్కటి అడిగింది. పంపేటప్పుడు పిల్లను ఢావ్లో చెప్పనియ్యి అని.

గప్పుడే వాడు నవ్వింది. నేను పక్కనే ఉన్న. సోఫాల ఎనుకకు ఒరిగి, పెండ్లానికి కన్ను గొట్టి మరీ నవ్విండు. హాల్లకు పెద్ద పెద్ద సార్లొస్తరు యాడీ, ఆడ ఈ ఏడ్పుగొట్టు తమాషా పెడ్తె నా మొఖం యాడ పెట్టుకోవాలె అన్నడు. యాడీ అంటె వాళ్ల మాటలల్ల అమ్మ. మన కల్చర్ గురించి ఫికర్ చెయ్యకు, ఈవెంటోళ్లకు చెప్పిన, బంజారా డ్యాన్స్ పెట్టిస్తున్న, పిల్లలు అద్దాల డ్రెస్సులేసుకొని ఎగురుతరు అన్నడు. చివరికి చెప్పిండు, నువ్వు మాత్రం పట్టుచీర కట్టుకో అని.

చూసిండ్రా బుద్ధి. అద్దాల బట్టలేసుకొని ఎగిరేటందుకు కిరాయికి పిల్లలొస్తరట. ఆ బట్టలల్ల పుట్టి, ఆ బట్టలల్ల వీన్ని సాది పెద్దజేసినామె చీర కట్టుకొని మూలకు కూసోవాలె. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత.

గమ్లక్క లేసొచ్చింది. కొట్టంలకొచ్చి కూసున్నంక అన్నది, దీన్ని గూడ లారీ ఎక్కిచ్చినట్టే ఎక్కిస్తరు యశోదా అని. గప్పుడు ఆమె కండ్లల్ల నీళ్లు చూసిన. పెనిమిటి పోయిన్నాడు గూడ నాకు కానరానియ్యలే.

మర్నాడు సోనీ వొచ్చింది. ఆమెకు ఎవరు చెప్పిండ్రో, తెలిసింది. దాదీ ముందట కూసొని, నాకు నేర్పు అన్నది. మీ బాపు ఒప్పుకోడు అన్నది గమ్లక్క. బాపును పిలిచేటందుకు బాపు పర్మిషన్ ఎందుకు దాదీ అన్నది పోరి. శెభాష్ అనుకున్న.

పొద్దుగాల పాల పని అయినంక కొట్టంల నేర్పుడు షురూ. మొదట్ల పోరి అంత నవ్వుడే. దాదీ మెడ పట్టుకొని రాగం తీస్తె గౌరి బర్రె తల తిప్పి చూసేది, ఇది కిసకిస నవ్వేది. గమ్లక్క తిట్టేది. ఆఖర్ల పిల్ల ఎద్దు మీద నిలవడి పుట్టింటిని దీవించే పాట ఒకటి ఉంటదని గమ్లక్క చెప్పింది. మా ఇంటాయన రామ్‌చందర్ ఇన్నడు. ఈయనకు లోకంల ఏ కష్టానికైనా ఒక్కటే మందు, సదర్ పండుగకు సాదే తన దున్నపోతు. ఎద్దు లేకపోతేంది వదినా, మా సుల్తాన్ ఉన్నడు, పూలదండలేసి తోల్కొస్త అన్నడు. యముని బండెక్కిచ్చి అత్తగారింటికి పంపమంటవా అన్నది గమ్లక్క. నేను మా ఆయన మొఖం చూసి పడి పడి నవ్విన. ఎద్దు పాట ఇడిసిపెట్టిండ్రు.

ఒక దినం మాత్రం నవ్వు లేదు. నేను చెంబు పెట్టుకొని పాలు పిండుతున్న. సోనీ రాగం తీసింది. బాపూ అని పిలిచింది. నా చేతులు ఆగిపోయినయి. నాకు ఆ మాటలు సగం తెల్వయి, అయినా నా కండ్లకెల్లి నీళ్లు చెంబుల పడ్డయి. గమ్లక్క మెల్లగ అన్నది:

"పాట తప్పితె తప్పనీ బిడ్డా, పిలుపు తప్పనియ్యకు. జవాబిచ్చేదాక మెడ ఇడువకు."

పెండ్లినాడు హాలు జూస్తె నాకు తల తిరిగింది. పూలు ప్లాస్టికువి, నవ్వులు గూడ గవే తీరు. గేటు కాడ కిరాయి పిల్లలు పేటియలేసుకొని నిలవడ్డరు, వొచ్చినోళ్ల మీద పన్నీరు చల్లుతున్నరు. ఎన్నడు లంబాడోళ్ల నీడ తగలనియ్యని నాగమణమ్మ వాళ్ల నడుమ దూరి, అద్దాల టుక్రీ నెత్తిన కప్పుకొని, ఫోటోల మీద ఫోటోలు దిగింది. గమ్లక్కను పట్టుచీరల చుట్టి ముందు వరసల కూసోబెట్టిండ్రు. డ్యాన్సు పిల్ల ఒకతె వొచ్చి, అమ్మమ్మా జర కాళ్లు లోపలికి తీసుకో, మా స్టెప్పుకు అడ్డమొస్తున్నయి అన్నది. గమ్లక్క కాళ్లు ముడుసుకున్నది.

పంపే గడియ వొచ్చింది. డీజే వాడు సినిమా ఏడ్పు పాట పెట్టిండు. ఫోటో వాడు సోనీతోని, మేడం కొంచెం ఏడ్వండి, లైటింగ్ మంచిగున్నది అన్నడు. సోనీ వాన్ని చూడనే లేదు. సక్కగ నడిచి పోయి తండ్రి మెడ చుట్టు రెండు చేతులేసింది. రాగం తీసింది.

మొదట ఎవరికి సమజ్ గాలే. దగ్గరున్నోళ్లు మాట ఆపిండ్రు, తర్వాత ఎనుకోళ్లు ఆపిండ్రు. పోరి గొంతు సినిమా పాట మీదికెల్లి లేసింది. బాపూ, నన్ను ఇచ్చేస్తున్నవు, నాకు ఆపతి వొస్తె వస్తవా, శ్రావణంల నన్ను తోల్కపోనీకి నీవే వస్తవా అని అడిగింది. నేను కొట్టంల దినాం ఇన్నదే గద, మాట మాట నాకు అర్థమైంది. వానికి అర్థం గాలేదంటరా? తల్లి పాల తోని తాగిన మాట. ఎర్రగయిన చెవులే చెప్తున్నయి వానికి అంత అర్థమైందని.

ముందు వరసల సార్లు చూస్తుండ్రు. ఒకాయన ఫోన్ తీసిండు. జగ్య కట్టె తీరు నిలవడ్డడు. బిడ్డ వీపు మీద రెండు దెబ్బలు తట్టి, చాలమ్మా, అందరు చూస్తుండ్రు అన్నడు. సోనీ ఇడువలే. మళ్ల పిలిచింది, ఈసారి ఇంక గట్టిగ. చెయ్యి ఎత్తి దాని నెత్తి మీద పెట్టేటందుకు ఎంత సేపు పడ్తది? వాని సార్ల ముందట అందుల ఏం ఇజ్జత్ పోతది? వాడు చెయ్యి ఎత్తిండు. ఎత్తి, బిడ్డ నెత్తి మీదికెల్లి డీజే వాని దిక్కు ఊపిండు.

"సౌండ్ పెంచు," అన్నడు.

బిడ్డ చెవి పక్కన్నే అన్నడు ఆ మాట. సౌండ్ పెరిగింది. వాడు మెడ మీదికెల్లి బిడ్డ చేతులు ఒక్కొక్కటి ఇడిపిచ్చిండు, పెయి మీద పడ్డ గొంగడిపురుగును తీసేసినట్టు. సోనీ వాని మొఖం దిక్కు ఒక్కసారి చూసింది. ఇంక చూడలే.

గమ్లక్క లేసింది. ముడుసుకున్న కాళ్లు చాపి, పట్టుచీర కుచ్చిళ్లు ఎగజెక్కి, డ్యాన్సు పిల్లల నడుమకెల్లి దూసుకపోయింది. పోరి పిలువకముందే మెడ ఇచ్చింది. ఇద్దరు ఒకళ్ల భుజం మీద ఒకళ్లు తల పెట్టి ఏడుస్తుంటె, ఆ స్పీకర్లు ఎంత అరిచినా గమ్లక్క గొంతు కింద పడలే. పిలగాని తల్లి అవుతల కార్ల కాడ నిలవడి ఉండె. ఆమె గూడ పట్టుచీర, బంగారం, మేకప్పు. ఆ గొంతు ఇని లోపటికి ఉరికొచ్చింది. డీజే వాని ముందట నిలవడి బంద్ చెయ్యి అన్నది. వాడు జగ్య దిక్కు చూసిండు. నేను పిల్ల అత్తను, బంద్ చెయ్యి అన్నది. చేసిండు.

సప్పుడు లేని హాల్ల దాదీ మనుమరాలి నెత్తి మీద చెయ్యి పెట్టింది. వస్త బిడ్డా, పానమున్నంత సేపు వస్త అని వాళ్ల మాటలల్ల జవాబిచ్చింది.

తర్వాత సోనీ నా దిక్కు వొచ్చింది. నేను గొల్లదాన్ని, నాకు ఈ పిలుపుల ఏం పని అని ఎనుకకు జరిగిన. పోరి నా మెడ చుట్టు చేతులేసి ఫూఫీ అన్నది. మేనత్త అని. జగ్య నన్ను అక్కా అంటడు గద, ఆ వరస. వాళ్ల మాట నాకు రాదాయె. దాని నెత్తి మీద పెండ వాసన పోని నా చెయ్యి పెట్టిన. "వస్త బిడ్డా, నేనొస్త నిన్ను తోల్కపోనీకి," అన్న నా తెలుగుల. పిల్ల అప్పుడు కండ్లు తుడుసుకొని కారెక్కింది.

ఇంటికొచ్చినంక గమ్లక్క చీర ఇప్పి మూలకేసి పేటియ కట్టుకున్నది. జవాబిచ్చినవు గద, ఇంక పోకపోతె నడువదు అని నాకు చెప్పింది. పోత తియ్యి అన్న.

శ్రావణం వొచ్చింది. ఈ నడుమల జగ్య బంజారా సంఘంల ఉపాధ్యక్షుడైండు. యాస ఖరాబయితదని తల్లి నోరు మూసినోడు ఇప్పుడు జాతి గురించి మైకుల దంచుతున్నడు. గ్రౌండ్‌ల పెద్ద తీజ్ పండుగ పెడ్తున్నరట, పెద్ద నాయకుడొస్తున్నడట. కొత్తగ పెండ్లయిన బిడ్డ, ముసలి తల్లి, మూడు తరాల బంజారా ఇల్లు అని స్టేజీ మీద చూపియ్యాలట. చాన్నాళ్లకు మా కొట్టంలకొచ్చిండు, ముక్కుకు దస్తి అడ్డం పెట్టుకొని. యాడీ, నీ పేటియ, గాజులు ఏసుకొని స్టేజీ మీదికి రావాలె అన్నడు. గమ్లక్క వాన్ని కింద నుంచి మీది దాక చూసింది. నువ్వే గద చీర కట్టుమన్నవు, నాకు గదే అలవాటయింది అన్నది. అంటున్నప్పుడు ఆమె ఒంటి మీద పేటియనే ఉన్నది.

వాడు గక్కడ దెబ్బతిని, కారేసుకొని ఆమనగల్లు పోయిండు, బిడ్డను తోల్కరానీకి. ఆడ ఏమైందో తర్వాత సోనీనే చెప్పింది. మంచిగనే చాయ్ పోసిండ్రట, కూసోబెట్టిండ్రట. పండుగకు నాతోని రా అన్నడట. "రెండుసార్లు పిలిచిన బాపూ," అన్నదట సోనీ. గంతే. వాడు చాలసేపు ఏందేందో చెప్పిండట, నాయకుడు, స్టేజీ, పేపర్ల ఫోటో. వియ్యపురాలు గ్లాసులు తీస్కపోయేటందుకు వొచ్చి, జవాబియ్యనోని ఎంబడి మా కోడలిని పంప అని చెప్పిందట. ఉత్త కారు తిరిగొచ్చింది.

తెల్లారి నేను, గమ్లక్క బస్సెక్కినం. ఆమె పేటియ జూసి కండక్టరు ఎనుక సీట్లకు పోండ్రి అన్నడు. మేం ముందటనే కూసున్నం. ఇన్నేండ్లు ఈ సడక్ మీద కండ్లు పెట్టుకొని బతికిన మనిషి ఆ దినం కిటికీకెల్లి బయటికి చూడనే లేదు. నా భుజం మీద తల పెట్టి నిద్రబోయింది. ఆమనగల్లు వొచ్చినంక నేనే లేపిన.

సోనీని తోల్కొచ్చినం. గమ్లక్క ముందే బుట్టల గోధుమలు నానేసి మొలకలు పెట్టింది, వాళ్ల పండుగకు అదే ముఖ్యం. ఎరువు మా బర్లదే. గంత పచ్చగ మొలకలు గ్రౌండ్‌ల స్టేజీ మీద గూడ ఉండయి. ఆడ స్టేజీ మీద మళ్ల కిరాయి పిల్లలే ఎగిరిండ్రట. మూడు తరాల ఇంటికి ఒక్క తరమే పోయింది, శాలువ కప్పుకొని.

పొద్దు గూకే యాళ్లకు మా గేటు కాడ కారు ఆగింది. జగ్య. శాలువ ఇంక భుజం మీదనే ఉన్నది. లోపల కొట్టంల నవ్వులు ఇనబడ్తున్నయి, సోనీ మా ఇంటాయన దున్నపోతుకు దండలేస్తున్నది, గమ్లక్క పొయ్యి కాడ రొట్టెలు కొడ్తున్నది. వాడు లోపలికి అడుగు పెట్టలే. యశోదక్కా, నా బిడ్డను జర పిలువు అన్నడు. గొంతు మారింది వానిది, అబద్ధమెందుకు. కని నాకు ఆ హాలు యాదికొచ్చింది, ఆ చేతులు ఇడిపిచ్చుడు యాదికొచ్చింది. నీ బిడ్డ, నీ నోరు, నువ్వే పిలువు అన్న.

వాడు పిలిచిండు. అభిజ్ఞా అని పిలిచిండు. సప్పుడు లేదు. సోనీ అన్నడు. ఆ పేరు వాని నోట్ల ఇన్నది నేను గదే మొదటిసారి. ఆఖరికి గేటు పట్టుకొని, యాడీ, ఓ యాడీ అన్నడు, చిన్నప్పుడు దూడ తన్నితె పిలిచినట్టు.

లోపల సోనీ రొట్టె తుంచి కారంల అద్దుకున్నది. తల ఎత్తకుంటనే నాతోని అన్నది.

"సౌండ్ పెంచమను ఫూఫీ."

గమ్లక్క రొట్టె కొట్టుడు ఆపలే.